బొమ్మ తల్లి చేతికివ్వండి: మూడేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు వారం వారం వెళ్లడం ఎలా

"మా ఊళ్లో పసిపిల్లల కోసం ఏదైనా చేయాలని ఉంది. డబ్బు లేదు, గది లేదు, శిక్షణ అంతకన్నా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. అడిగేవారిలో చాలామంది ఒక గది చూసి, గోడలకు రంగులు వేసి, పిల్లలందరినీ అక్కడ పోగుచేయాలనుకుంటారు. మూడేళ్లు దాటినవాళ్లకైతే బాగానే ఉంటుంది. అంతకంటే చిన్నవాళ్లకు మాత్రం రోజంతా ఎదురుగా కనిపించే మనుషులే బడి. అందుకే గది సంగతి మరిచిపోండి. మీరే ఆ ఇంటికి వెళ్లండి, వారానికి ఒకసారి, ఓ గంట.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో 1986-87లో ఒక అధ్యయనం మొదలైంది. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల వయసున్న, ఎత్తు పెరగక గిడసబారిన 129 మంది పిల్లలను తీసుకున్నారు. వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చేసి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, అలా వెళ్లిన ఇళ్ల పిల్లల సంపాదన వెళ్లని ఇళ్ల పిల్లల కంటే 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో ప్రచురించారు. వాళ్లు వాడినవి కొన్న బొమ్మలు కావు, పారేసిన సామానుతో చేసినవి. తర్వాత బంగ్లాదేశ్, కొలంబియా వంటి దేశాల్లోనూ ఇదే పద్ధతిని అక్కడి పరిస్థితులకు తగ్గట్టు మార్చుకుని నడిపారు. సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

- వారానికి ఒక్కో ఇంటికి గంట, రాసుకోవడానికి మరో పది నిమిషాలు. కొత్తవారైతే నాలుగైదు ఇళ్లకు మించి ఒప్పుకోకండి. పదిహేను ఇళ్లతో మొదలుపెట్టి రెండు నెలల్లో చతికిలబడినవారిని చూశాను.
- ఒక గుడ్డ సంచి, ఒక నోటు పుస్తకం.
- మూతలున్న ప్లాస్టిక్ సీసాలు, ఖాళీ డబ్బాలు, రంగురంగుల సీసా మూతలు, అట్టపెట్టెలు, పాత బట్టలు, సూది దారం, కత్తెర.
- దగ్గరలోని ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో, ఏ రోజుల్లో తెరుస్తారో, అక్కడ ఎవరిని కలవాలో ముందే తెలిసి ఉండాలి. దొరికితే పిల్లల దండచుట్టు (భుజానికి, మోచేతికి మధ్య చేయి చుట్టుకొలత) కొలిచే రంగుల టేపు కూడా అక్కడే అడిగి తెచ్చుకోండి.

1. ఇళ్లు ఎంచుకోండి

మూడేళ్లలోపు పిల్లలున్న ఇళ్ల జాబితా రాయండి. బరువు తక్కువగా పుట్టినవారు, తరచూ జబ్బు పడేవారు, తల్లి ఒంటరిగా నెట్టుకొస్తున్న ఇళ్లు ముందుండాలి. మీకు మొహమాటం లేని ఇళ్లతో మొదలుపెట్టాలనిపిస్తుంది. మొదటి రెండు ఇళ్లు అలాంటివే అయినా పరవాలేదు గానీ, జాబితా మొత్తం మీ చుట్టాలతో నిండిపోతే అవసరం ఉన్నవారు మిగిలిపోతారు.

అనుమతి తల్లి ఒక్కరినే అడిగితే సరిపోదు. ఇంట్లో మాట చెల్లేది ఎవరిదో వారితోనూ మాట్లాడండి. "మీ పిల్లాడికి ఏదో తక్కువైందని రావడం లేదు, ఈ వయసు పిల్లలున్న ఇళ్లన్నిటికీ వెళ్తున్నాం" అని మొదటే చెప్పండి. డబ్బు, సరుకులు తెస్తారన్న ఆశ ఉంటే, అలాంటివేమీ ఉండవని అదే రోజు చెప్పేయండి. తర్వాత చెబితే మాట పోతుంది.

తల్లి పగలంతా పనికి వెళ్తుంటే? పిల్లను రోజంతా చూసుకునే అమ్మమ్మో, నాయనమ్మో, తాతో ఉంటారు. వాళ్లతోనే చేయండి. పదేళ్ల అక్క చూసుకుంటుంటే ఆమెను కూడా కూర్చోబెట్టుకోండి. అయితే పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. ఆ అక్క బడి మానేసి ఇంట్లో ఉంటోందని తెలిస్తే అది వేరే పని, దాన్నీ వదలకండి.

2. బొమ్మలు చేసుకోండి

నాలుగు రకాలు చాలు.

*గిలక్కాయ:* మూతలు దూరేంత వెడల్పు నోరున్న చిన్న పారదర్శక సీసాలో నాలుగు రంగుల మూతలు వేసి, సీసా మూత బిగించి, జిగురుతో అంటించి, దానిపై గట్టిగా బట్ట చుట్టి కుట్టండి. గింజలు, గులకరాళ్లు వేయకండి. మూత ఊడిన రోజు అవి నేరుగా నోట్లోకే పోతాయి.

*వేసే డబ్బా:* ఖాళీ డబ్బా మూతకు పెద్ద సీసా మూత పట్టేంత చీలిక కోయండి. కోసిన అంచుకు బట్ట అంటించండి. పిల్ల ఒక్కొక్క మూత లోపల వేస్తుంది, మీరు తెరిచి మళ్లీ ఇస్తారు. నా సంచిలో ఇంతకంటే ఎక్కువ పనిచేసిన వస్తువు లేదు.

*బట్ట బొమ్మ:* కళ్లు, ముక్కు, నోరు దారంతో కుట్టండి. గుండీలు పెట్టకండి.

*అట్ట పుస్తకం:* అట్టపెట్టె ముక్కలు ఆరు, ఒక్కో దానిపై ఒక్క బొమ్మ. ఆ ఇంట్లో రోజూ కనిపించేవే గీయండి: చెంబు, కుక్క, చెప్పు, చెట్టు. బొమ్మలు గీయడం రాదని వెనకాడకండి. పిల్లలు మీ చిత్రలేఖనానికి మార్కులు వేయరు.

జాగ్రత్త. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో దూరిపోయే ఏ వస్తువూ మూడేళ్లలోపు పిల్లల చేతికి వెళ్లకూడదు. చేయబోయే ముందు అట్టతో అలాంటి గొట్టం ఒకటి చుట్టుకుని, ప్రతి ముక్కనూ అందులో వేసి చూడండి. మామూలు నీళ్ల సీసా మూత ఈ పరీక్షలో తప్పుతుంది. గిలక్కాయలో మూసేసి ఉంటే పరవాలేదు గానీ, విడిగా ఇవ్వడానికి వెడల్పు నోరున్న డబ్బాల మూతలు వెతకండి. బొమ్మలకు జానెడు కంటే పొడవైన తాడు కట్టకండి. పలచని ప్లాస్టిక్ సంచులు వద్దు. పురుగుమందు, ఎరువు, యాసిడ్, కిరోసిన్ ఉన్న డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు. ఏమున్నదో తెలియని డబ్బానూ ఆ లెక్కలోనే వేయండి. పెచ్చులూడే పాత రంగున్న వస్తువులు వద్దు, ఆ రంగులో సీసం ఉండే ప్రమాదం ఉంది.

3. మొదటి రోజు చూడండి, అంతే

సంచి తెరవకండి. కూర్చోండి, కబుర్లు చెప్పండి, గమనించండి. పిల్ల ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటున్నారు? తల్లి ఏదైనా అంటే పిల్ల ఆమె ముఖంలోకి చూస్తోందా? ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంది? చాలా ఇళ్లలో "వీడితో ఏం మాట్లాడతాం, వీడికేం అర్థమవుతుంది?" అన్న మాట వినిపిస్తుంది. వాదించకండి. పిల్ల ఏదైనా శబ్దం చేసినప్పుడు మీరు అదే శబ్దం తిరిగి చేయండి, ఆగండి. ఆ పిల్ల మళ్లీ చేస్తే తల్లి తానే నవ్వుతుంది. ఆ రోజుకు పాఠం అయిపోయినట్టే.

4. గంటను ఇలా నడపండి

మొదటి పది నిమిషాలు పలకరింపు. పోయిన వారం ఆట ఏమైందో అడగండి. "ఆడించారా?" అని అడిగితే ఎవరైనా "ఆడించాం" అనే అంటారు. "ఏది ఎక్కువ ఇష్టపడింది? విసిరేసిందా, నోట్లో పెట్టుకుందా?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

తర్వాత ఆ పాత ఆటనే తల్లిని ఆడించమనండి, మీరు చూడండి. ఆమె చేసినదానిలో బాగున్నది ఒకటి ఉన్నదున్నట్టు చెప్పండి. "బాగా చేశావు" అంటే గాలిలో కలిసిపోతుంది. "అది చేయి చాపేదాకా ఆగావు చూడు, అందుకే తీసుకుంది" అంటే గుర్తుండిపోతుంది.

అప్పుడు కొత్త ఆట. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, అందుకే ఒక ఇంట్లో జరిగింది పూర్తిగా చెబుతాను. పద్నాలుగు నెలల పిల్లాడు, కొత్త డబ్బా. మా జట్టులోని అమ్మాయి ఉత్సాహంగా నేల మీద కూర్చుని తానే మూత తీసి, చీలికలో వేసి, చప్పట్లు కొట్టింది. పిల్లాడికి భలే నచ్చింది. పది నిమిషాలు ఇద్దరూ ఆడుకున్నారు. తల్లి గోడకు ఆనుకుని, ఎవరి పిల్లాడినో చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది. మరుసటి వారం వెళ్తే డబ్బా అటక మీద ఉంది. "మీరొచ్చినప్పుడు ఆడతాడని జాగ్రత్తగా దాచానమ్మా" అంది.

ఆ అమ్మాయి ఈసారి డబ్బాను తల్లి ఒడిలో పెట్టింది. "అక్కా, మీరు ఒక మూత వేయండి, వాడు చూస్తాడు." తల్లి వేసింది. టక్‌మని శబ్దం. పిల్లాడు డబ్బా వైపు చూశాడు, తర్వాత తల్లి ముఖం వైపు చూశాడు. "ఇప్పుడు వాడికి ఒకటి ఇచ్చి ఊరుకోండి. చేయి పట్టి వేయించకండి." వాడు మూతను నోట్లో పెట్టుకున్నాడు, కింద పడేశాడు, మళ్లీ తీశాడు, చీలిక పక్కన రెండుసార్లు కొట్టాడు. తల్లి చేయి ముందుకు వెళ్లింది, మా అమ్మాయి మెల్లగా ఆపింది. మూడోసారి మూత లోపల పడింది. "ఓరి నీ దుంపతెగ!" అంది తల్లి, పట్టరాని సంతోషంతో. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆట గురించి మేము చెప్పవలసి వచ్చింది చాలా తక్కువ.

బొమ్మ మీ చేతిలో ఉన్నంతసేపు ఆట మీది. ఒకసారి చూపించడానికి పట్టుకోండి, వెంటనే తల్లికి ఇచ్చేయండి. మీరు ఉండేది వారంలో గంట, ఆమె ఉండేది మిగిలిన గంటలన్నీ.

చివరి పది నిమిషాల్లో ఒక పాటో, చేతుల ఆటో చేయించి, ఈ వారం ఏం చేయాలో ఆమె మాటల్లోనే చెప్పించుకోండి. స్నానం, బట్టలు తొడగడం, వంట లాంటి ఒక ఇంటి పనికి ఆ ఆటను ముడిపెట్టండి. "రోజూ అరగంట ఆడించండి" అంటే పని భారంతో నడుం విరుగుతున్న మనిషికి కోపం వస్తుంది, రావాలి కూడా. స్నానం చేయిస్తూ "ఇది చేయి, ఇది కాలు" అనడానికి అదనపు సమయం అక్కర్లేదు. బొమ్మను ఇంట్లో వదిలి, పాతది వెనక్కి తీసుకుని, కడిగి మరో ఇంటికి ఇవ్వండి. పగిలినా చిరిగినా ఏమీ అనబోమని ముందే చెప్పండి, లేకపోతే అన్నీ అటకెక్కుతాయి.

5. వయసుకు తగిన ఆట

*ఆరు నెలల లోపు:* ముఖాలు ఎదురెదురుగా పెట్టుకుని ఊకొట్టడం, జవాబు కోసం ఆగడం. మెలకువగా ఉన్నప్పుడు, ఎవరైనా పక్కన ఉండగా, బోర్లా పడుకోబెట్టి ముందు గిలక్కాయ ఆడించడం. రోజు మొత్తం మీద కొద్దికొద్దిగా అరగంట అయ్యేలా చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

*ఆరు నుంచి పన్నెండు నెలలు:* వస్తువు మీద బట్ట కప్పి "ఎక్కడ?" అనడం, డబ్బాలో వేయడం, తీయడం, కొట్టి శబ్దం చేయడం. వస్తువులు పదేపదే కింద పడేస్తారు. అది అల్లరి కాదు, పడితే ఏమవుతుందో చూసుకుంటున్నారు.

*ఏడాది నుంచి రెండేళ్లు:* ఒకదానిపై ఒకటి పేర్చడం, వేసే డబ్బా, అట్ట పుస్తకం, "ముక్కేది? చెవేది?". పిల్ల "కుక్క" అంటే తల్లి దాన్ని కొంచెం పెంచి తిరిగి అనాలి: "అవును, పెద్ద కుక్క. పరుగెడుతోంది."

*రెండు నుంచి మూడేళ్లు:* బట్ట బొమ్మకు అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం వంటి నటన ఆటలు. ఒకే రంగు మూతలు వేరుచేయడం. మట్టిలో పుల్లతో గీయడం. ఈ వయసులో తల్లులకు ఎక్కడలేని తొందర వచ్చి అక్షరాలు దిద్దించమంటారు. ఒప్పుకోకండి. అక్షరాల కంటే ముందు మాట ముదరాలి.

ఫోను గురించి అందరూ అడుగుతారు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండేళ్లు దాటాక కూడా రోజుకు గంట మించకూడదని, తగ్గిన కొద్దీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. దీన్ని ఉపన్యాసంలా చెప్పకండి. పిల్ల అన్నం తినేటప్పుడు ఫోను బదులు ఏం చేయవచ్చో చేసి చూపించండి.

6. తిండి, జబ్బు మీద ఒక కన్ను

మీరు వైద్యులు కారు, మందులు ఇవ్వకండి. చూడటం, చెప్పడం, పంపడం వరకే. మొదటి ఆరు నెలలు తల్లిపాలే, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆరు నెలలు నిండగానే పాలతో పాటు మెత్తటి ఆహారం, పాలు రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వవచ్చు. తినిపించేటప్పుడు కళ్లలోకి చూస్తూ, మాట్లాడుతూ, ముద్దకు ముద్దకు ఆగుతూ తినిపించడం కూడా ఆటలో భాగమే.

ఆరు నెలలు దాటి అయిదేళ్లలోపు ఉన్న పిల్లలకు దండచుట్టు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, రెండు పాదాలూ ఉబ్బినా అది తీవ్ర పోషకాహార లోపం, ఆ రోజే పంపాలి. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే ఆ వారంలో చూపించాలి. పిల్ల ఏమీ తాగలేకపోవడం, తిన్నదంతా కక్కడం, మూర్ఛ, లేపినా లేవని మగత కనిపిస్తే ఆట గీట అన్నీ ఆపి వెంటనే ఆస్పత్రికి పంపండి, వీలైతే తోడు వెళ్లండి. విరేచనాలైతే తల్లిపాలు ఆపకూడదు. జీవజల ద్రావణం (ఓఆర్‌ఎస్), జింకు మాత్రలు ఆరోగ్య కేంద్రంలో అడగమనండి.

తల్లిని కూడా గమనించండి. వారాల తరబడి నిద్ర లేక, దేనిమీదా ఆసక్తి లేక, పిల్ల వైపు చూడటానికే ఓపిక లేకుండా ఉంటే ఆమెకు ఆటలు నేర్పడం తర్వాతి మాట. ఆ రోజు గంటసేపు ఆమె మాట వినండి, ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ఇంట్లో దెబ్బలు తింటోందని తెలిస్తే ఆ విషయం ఊళ్లో పొక్కనివ్వకండి. ఆమె ఒప్పుకున్న మనిషికే, ఆమె ఒప్పుకున్న మేరకే చెప్పండి.

7. రాసుకోండి

ఇంటి నుంచి బయటికి వచ్చాక రాయండి, వాళ్ల ముందు వద్దు. తేదీ, ఏ ఆట, తల్లి ఏం చేసింది, పిల్ల ఏం చేసింది, వచ్చే వారం ఏం తీసుకెళ్లాలి. అయిదు పంక్తులు చాలు.

తరచూ జరిగే పొరపాట్లు

*పరీక్ష పెట్టడం.* "ఇదేంటో చెప్పు, ఇది ఎన్ని?" అని గుచ్చిగుచ్చి అడిగితే పిల్ల నోరు మూసుకుంటుంది, తల్లి తల దించుకుంటుంది. అడగడం తగ్గించి, చెప్పడం పెంచండి.

*పోల్చడం.* "పక్కింటి పాప నడుస్తోంది" అన్న ఒక్క మాటతో మూడు నెలల పని నేలపాలవుతుంది.

*ఆట మరీ కష్టంగా ఉండటం.* పిల్ల విసిరేసి వెళ్లిపోతోందంటే ఆట ఒక మెట్టు దించండి. రెండు నిమిషాల్లో చేసేసి పక్కన పెడితే ఒక మెట్టు పెంచండి.

*మానేయడం.* నాట్లు, కోతల రోజుల్లో ఎవరూ ఇంట్లో ఉండరు. అప్పుడు సాయంత్రానికి మార్చుకోండి, గంట బదులు అరగంట కూర్చోండి, వారం మాత్రం తప్పించకండి. జమైకాలోనే జరిగిన మరో అధ్యయనంలో వారానికోసారి వెళ్లినచోట ఫలితం స్పష్టంగా కనిపించింది, నెలకోసారి వెళ్లినచోట లేదు. అంత తరచుగా వెళ్లే మనుషులు లేకపోతే ఇంకో దారి ఉంది. పాకిస్తాన్‌లోని సింధ్ గ్రామాల్లో మహిళా ఆరోగ్య కార్యకర్తలు నెలకో ఇంటి సందర్శనతో పాటు నెలకో తల్లుల సమావేశం కూడా పెట్టి మంచి ఫలితం సాధించారు. సమావేశం పెడితే ఒక్కటి గుర్తుంచుకోండి: ఒడిలో పిల్లలు ఉండాలి, చేతిలో బొమ్మ ఉండాలి. పిల్లలు లేని సమావేశం ఉపన్యాసంగా మారడానికి పది నిమిషాలు పట్టదు.

పని జరుగుతోందా? ఎలా తెలుస్తుంది

పిల్లకు పరీక్షలు పెట్టకండి. నెల తర్వాత ఇంటిని చూడండి. బొమ్మ పిల్లకు అందే ఎత్తులో ఉందా, అటక మీద ఉందా? అరిగిందా, కొత్తగానే ఉందా? మురికి పట్టిన బొమ్మ శుభసూచకం. మీరు చెప్పకుండానే తల్లి పిల్లతో మాట్లాడుతోందా? మీరు తేని బొమ్మ ఏదైనా ఆ ఇంట్లో కనిపిస్తోందా? తండ్రి ఎప్పుడైనా వచ్చి కూర్చున్నాడా?

పిల్ల ఎదుగుదల చూసేటప్పుడు తొందరపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలే ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు 4 నుంచి 9 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8 నుంచి 17 నెలలు దాటే వరకూ నేర్చుకున్నారు. దోగాడకుండానే నడిచేసేవాళ్లూ ఉంటారు. నెలలు నిండకుండా పుట్టినవారి వయసును పుట్టవలసిన తేదీ నుంచి లెక్కించండి.

అయితే కొన్నింటిని "తర్వాత వస్తుందిలే" అని వదలకూడదు. మూడు నెలలు దాటినా మనుషులను చూసి నవ్వకపోవడం. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. ఏడాదిన్నరకు వేలితో దేన్నీ చూపించకపోవడం, ఏడాదిన్నర దాటినా నడవకపోవడం. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోవడం. ఏ వయసులోనైనా వచ్చిన మాట, వచ్చిన పని పోవడం. వీటిలో ఏది కనిపించినా వైద్యులకు చూపించాలి, మాట, పిలుపు విషయమైతే చెవి పరీక్ష కూడా అడగాలి. తల్లితో ఏకాంతంగా, "ఒకసారి చూపిద్దాం, నేనూ వస్తాను" అని చెప్పండి. జబ్బు పేరు మీ నోట రాకూడదు.

ఆపేటప్పుడు

పిల్లకు మూడేళ్లు వచ్చే సరికి, లేదా మీకే వీలు కానప్పుడు, నెల ముందే చెప్పండి. ఆ నెలలో వేసే డబ్బా, బట్ట బొమ్మ ఎలా చేయాలో తల్లికే నేర్పి, ఆమె చేతే ఒక జత చేయించండి. అవి ఆ ఇంట్లోనే ఉండనివ్వండి. చివరి రోజు పక్కవీధిలో నెలల పిల్ల ఉన్న ఇల్లు ఏదైనా ఉందేమో ఆమెనే అడగండి. ఉంటే, అక్కడికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లండి, సంచి ఆమె చేతికివ్వండి.